కార్డులు ముందే ఉన్నాయి, ట్యూన్ కట్టడం ఎలా?

కార్డులు (chords), అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులు, ముందే ఖరారైపోయాయి. ఎవరో ఇచ్చి ఉండొచ్చు, గిటార్ మీద వేళ్లు తిప్పుతుంటే మీకే తగిలి ఉండొచ్చు. ఏదైతేనేం, వాటిని మార్చకూడదన్నది షరతు. వాటి మీద, మాటల సాయం లేకుండా, కేవలం వాద్యాలతో మీ సొంత సంగీతం కట్టాలి. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటే. కార్డులు లూప్‌లో పెట్టి, ఆ స్కేల్‌లో ఉన్న స్వరాలన్నీ వేళ్లకు తోచినట్టు వాయిస్తూ పోతారు. గంట గడిచిపోతుంది. ఒక్క స్వరమూ తప్పు పడదు, ఒక్క ముక్కా గుర్తుండదు.

ఆ గంట వృథా కాకుండా ఉండాలంటే ఒక ప్రశ్న పట్టుకుని కూర్చోండి: కార్డ్ మారే క్షణంలో నా ట్యూన్ ఏ స్వరం మీద వాలుతోంది? మధ్యలో ఎన్ని స్వరాలు తిరిగినా ఫర్వాలేదు. పక్షి ఎగిరిన దారి కన్నా అది వాలిన కొమ్మే కంటికి ఆనుతుంది. శాస్త్రం నేర్చుకున్నవాళ్లు న్యాస స్వరం అంటారే, దాదాపు ఆ సంగతే. నేను దాన్ని వాలే స్వరం అంటాను. కింద చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు కార్డులను కాగితం మీద పెట్టండి

మాటలతో చెబితే ఎక్కదు కాబట్టి ఒక వరస తీసుకుందాం: ఏ మైనర్, ఎఫ్, సి, జి (Am, F, C, G). ఒక్కో కార్డ్ ఒక్కో బార్ (మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది). బార్‌కు నాలుగు బీట్లు. టెంపో, అంటే నడక వేగం, నిమిషానికి 80 బీట్లు. అంటే బార్‌కు సరిగ్గా 3 సెకన్లు, నాలుగు కార్డుల చుట్టు ఒకటి పూర్తవడానికి 12 సెకన్లు. మీ చేతిలో ఉన్నవి వేరే కార్డులైనా పని చేసే తీరు ఇదే.

సి స్వరాన్ని షడ్జమంగా, అంటే స గా, పెట్టుకుంటే ఈ నాలుగు కార్డులూ మనకు తెలిసిన శంకరాభరణం స్వరాల్లోనే ఇమిడిపోతాయి. ఏ మైనర్‌లో ద, స, గ. ఎఫ్ కార్డ్‌లో మ, ద, స. సి కార్డ్‌లో స, గ, ప. జి కార్డ్‌లో ప, ని, రి. నాలుగు వరసలు ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ఏడు స్వరాలూ ఎక్కడో ఒకచోట వచ్చేశాయి. ఏ స్వరాన్నీ పక్కన పెట్టనక్కర్లేదు. ఎక్కడ వాడాలన్నదే తేలాల్సిన సంగతి.

ఇప్పుడు ఒక కార్డ్ నుంచి తర్వాతి కార్డ్‌కు ఏది కదిలింది, ఏది కదలకుండా ఉంది అన్నది గీతలతో కలపండి. ఏ మైనర్ నుంచి ఎఫ్‌కు వెళ్లేటప్పుడు ద, స రెండూ ఉన్నచోటే ఉంటాయి, గ ఒక్కటే అరమెట్టు ఎక్కి మ అవుతుంది. ఎఫ్ నుంచి సి కి వెళ్లేటప్పుడు స నిలబడుతుంది, మ తిరిగి గ మీదకు దిగుతుంది, ద దిగి ప అవుతుంది. సి నుంచి జి కి ప నిలుస్తుంది, స దిగి ని, గ దిగి రి. జి నుంచి మళ్లీ ఏ మైనర్‌కు వచ్చేటప్పుడు మాత్రం రెంటికీ ఉమ్మడి స్వరం ఒక్కటీ లేదు. మూడూ ఒక మెట్టు పైకెక్కుతాయి. చుట్టు మొదలైన ప్రతిసారీ కొత్తగా అడుగేసినట్టు వినిపించడానికి అది కూడా ఒక కారణం.

ఈ పటం గీయడానికి పది నిమిషాలు పడుతుంది. దీన్ని మాత్రం ఎగ్గొట్టకండి. తర్వాత ఎక్కడ ఇరుక్కున్నా ఈ కాగితమే దారి చూపిస్తుంది.

ఒక్క స్వరంతో నాలుగు కార్డులు

వాద్యం పక్కన పెట్టండి. కార్డులు లూప్‌లో నడవనివ్వండి. గొంతుతో గ ఒక్కటే పట్టుకుని నాలుగు బార్లూ అలాగే ఉంచండి. మధ్యలో ఊపిరి తీసుకోవచ్చు, స్వరం మాత్రం కదలకూడదు.

ఏ మైనర్ మీద గ నిబ్బరంగా ఉంటుంది, ఎటూ పోవాలనిపించదు. ఎఫ్ రాగానే, మీరు ఏమీ చేయకుండానే, అదే గ రంగు మారుస్తుంది. కింద ఉన్న మ తో సన్నగా ఒరుసుకుంటూ తీపీ బాధా కలిసిన ధ్వని ఒకటి పుడుతుంది. సి వచ్చేసరికి ఇల్లు చేరినట్టు వెలుగుతుంది. జి మీద అది కార్డ్‌కు చెందని స్వరం, పైన తేలుతూ రి మీదకు దిగిపోవాలని చూస్తుంది. ఇప్పుడు స పట్టుకుని మళ్లీ వినండి. మూడు కార్డుల్లో అది సొంత మనిషి, జి మీద మాత్రం ని వైపు జారిపోవాలని లాగుతుంది.

ఇలా ఏడు స్వరాలూ పాడి చూడండి. గొంతు బాగుండాల్సిన పనేం లేదు, శ్రుతిలో ఉంటే చాలు. ఏ స్వరం ఏ కార్డ్ మీద మిమ్మల్ని కదిలించిందో కాగితం మీద చుక్క పెట్టుకోండి. నన్నడిగితే మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన అరగంట ఇది. ఎందుకంటే ఆ చుక్కలు ఏ పుస్తకంలోనూ ఉండవు. మీ చెవి పెట్టినవి అవి. ఇంకొకరు ఇవే కార్డుల మీద వేరే చోట చుక్కలు పెడతారు, వాళ్ల ట్యూన్ వేరేగా వస్తుంది.

అస్థిపంజరం

ఇప్పుడు కార్డ్‌కు ఒక్కటే వాలే స్వరం ఎంచుకోండి. ఒక దాన్నుంచి ఇంకోదానికి దూకుళ్లు తక్కువగా ఉంటే మొదటి ప్రయత్నానికి మంచిది. నేను గ, మ, గ, రి తీసుకుంటున్నాను. ఏ మైనర్ మీద గ, ఎఫ్ మీద మ, సి మీద గ, జి మీద రి. ఒక చిన్న అల లేచి పడినట్టుంది.

ఒక చుట్టు సరిపోదు. మొదటి చుట్టు ప్రశ్న అయితే రెండోది జవాబు కావాలి. జవాబుకు కాస్త కిందుగా స, ద, స, ని పెడదాం. ఇక్కడి ద, ని రెండూ మంద్ర స్థాయివి, అంటే ఆ స కి కిందున్నవి. ఇప్పుడు మన దగ్గర ఎనిమిది బార్లకు ఎనిమిది స్వరాలున్నాయి. వాటిని పొడుగ్గా, బార్‌కు ఒకటి చొప్పున వాయించి వినండి. ఇంత తక్కువలోనే ఏదో కథ నడుస్తున్నట్టు అనిపిస్తే అస్థిపంజరం గట్టిది. అనిపించకపోతే ఎన్ని అలంకారాలు తగిలించినా నిలబడదు, మళ్లీ చుక్కల కాగితం దగ్గరకు వెళ్లండి.

లయ లేకపోతే ట్యూన్ లేదు

పాటకైతే మాటల పొడుగు పొట్టి నుంచే లయ పుడుతుంది. వాద్యసంగీతానికి ఆ ఆసరా లేదు. కాబట్టి స్వరాల కన్నా ముందు నోటితో లయ పలకాలి. "తక తా..." అంతే, రెండు పొట్టివి, ఒక పొడుగుది. చప్పట్లు కొడుతూ అనండి. బార్‌లో నాలుగో బీట్ మీద తక, తర్వాతి బార్ మొదటి బీట్ మీద తా. తక అనే ఎత్తుగడ కార్డ్ కన్నా ముందొస్తుంది, పొడుగు స్వరం కొత్త కార్డ్‌తో పాటే వాలుతుంది.

దీన్ని అస్థిపంజరానికి తొడుగుదాం. స రి అని ఎత్తుకుని గా మీద వాలండి, ఏ మైనర్. రి గ అని ఎత్తుకుని మా, ఎఫ్. ప మ అని దిగి గా, సి. మ గ అని దిగి రీ, జి. వాయించండి. బాగానే ఉంటుంది కానీ నాలుగుసార్లూ ఒకే అచ్చు పడేసరికి బడిపిల్లల ఎక్కాల్లా వినిపిస్తుంది.

మందు తేలిక. రెండుసార్లు ఒకేలా చెప్పండి, మూడోసారి మాట తప్పండి. సి కార్డ్ దగ్గర ఎత్తుగడ మానేయండి, మొదటి బీట్ ఖాళీగా వదిలేసి రెండో బీట్ మీద గ వేయండి. వినేవాడి చెవి ఆ గ కోసం మొదటి బీట్ మీదే ఎదురుచూస్తుంది, అది రాదు, ఒక్క బీట్ ఆలస్యంగా వస్తుంది. ఆ ముప్పావు సెకను ఖాళీలోనే ట్యూన్‌కు ప్రాణం వస్తుంది. కొత్తగా కట్టేవాళ్లు ఖాళీ కనిపిస్తే కంగారుపడి నింపేస్తారు. నింపకండి. కింద కార్డ్ మోగుతూనే ఉంది కదా, దాని మాటా విననివ్వండి.

జవాబు చుట్టుకు ఇదే లయ వాడండి, దిశ మార్చండి. గ రి, సా. స ని, దా. ద ని, సా. చివరి జి దగ్గర మాత్రం ఒక పని చేద్దాం. సి కార్డ్ మీద వాలిన స ను వదలకండి. కార్డ్ జి కి మారిపోనివ్వండి, మీరు స మీదే ఉండండి, రెండు బీట్లు. ఇందాక ఒక్క స్వరంతో నాలుగు కార్డులు పాడినప్పుడు ఈ స ఎంత లాగిందో గుర్తుందా? ఆ లాగుడు పూర్తిగా తెలిసేదాకా ఆగి, మూడో బీట్ మీద ని కి దిగండి. దీన్ని సస్పెన్షన్ అంటారు. బిగబట్టిన ఊపిరి వదిలినట్టుంటుంది. కార్డులు మార్చే స్వేచ్ఛ లేనివాళ్లకు ఇంతకన్నా గొప్ప పనిముట్టు నాకు తెలియదు. కార్డుల వరస మారలేదు, స్వరం కొత్తది కాదు, వాలడాన్ని కాస్త వాయిదా వేశామంతే.

ఇలా రెండు చుట్లు అయ్యాక ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి, కూనిరాగమైనా సరే. రేపటికి గుర్తుంటుందని నమ్మకండి.

బేస్ కూడా ఒక ట్యూనే

కార్డులు మార్చకూడదన్నారు కానీ కార్డ్‌లో ఏ స్వరం అడుగున ఉండాలో ఎవరూ చెప్పలేదు. అన్నిసార్లూ బేస్, అంటే అన్నిటికన్నా అడుగున మోగే గొంతు, కార్డ్ పేరున్న స్వరమే పట్టుకుంటే ద, మ, స, ప అని గంతులేస్తూ నడుస్తుంది. దాని బదులు సి కార్డ్‌కు అడుగున గ, జి కార్డ్‌కు అడుగున రి పెట్టి చూడండి. బేస్ ఇప్పుడు ద, మ, గ, రి అని మెట్లు దిగుతుంది. కార్డులు అవే నాలుగు, బరువు మొత్తం మారిపోతుంది.

ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను. మొదటిసారి ఈ దిగే బేస్ దొరికిన సంతోషంలో దాన్ని తీసుకెళ్లి గ, మ, గ, రి ట్యూన్ కింద పెట్టాను. వింటే పలచగా ఉంది. వాల్యూమ్ పెంచాను, ఇంకో వాద్యం కలిపాను, రివర్బ్ (ప్రతిధ్వని) కలిపాను, రెండు రోజులు అలాగే తన్నుకున్నాను. చివరికి రెండు వరసలూ కాగితం మీద పక్కపక్కన రాస్తే తెలిసింది. పైన మ, గ, రి. అడుగున మ, గ, రి. రెండు గొంతులు ఉన్నాయనుకున్నాను, ఉన్నది ఒక గొంతు, దాని నీడ.

అదే బేస్‌ను జవాబు చుట్టు కింద పెట్టండి. పైన స, ద, స, ని, అడుగున ద, మ, గ, రి. ఎక్కడా ఒకే స్వరం మీద కలవవు. ఎఫ్ నుంచి సి కి వెళ్లేటప్పుడు బేస్ దిగుతుంటే ట్యూన్ ఎక్కుతుంది. రెండూ చెరోవైపు కదిలిన ఆ క్షణంలో మధ్య జాగా విచ్చుకుంటుంది, సంగీతం నిండుగా అనిపిస్తుంది. అందుకే ప్రశ్న చుట్టుకు మామూలు గంతుల బేస్, జవాబుకు దిగే బేస్ అని పంచుకోండి. అప్పుడు కూడా ఒకసారి రెండు వరసలూ రాసి సరిచూసుకోండి. గంతుల బేస్‌లోనూ ఎఫ్ దగ్గర మ, మ కలుస్తాయి. అయితే ఒక్కచోట కలిసి విడిపోవడం వేరు, వరసగా మూడు అడుగులు అంటుకుని నడవడం వేరు.

కార్డ్ వాయించే వాద్యం విషయంలో ఒక్క మాట. ట్యూన్ తిరిగే చోట అది తిరగకూడదు. ట్యూన్ మధ్య స్థాయిలో ఉంటే కార్డులు కాస్త కిందుగా ఉండాలి. మూడు స్వరాలూ వాయించి తీరాలన్న నియమం లేదు. ట్యూన్ స మీద వాలి ఉన్నప్పుడు ఏ మైనర్‌లోని స ను తోడు వాద్యం వదిలేయవచ్చు. ఆ పని ట్యూన్ చూసుకుంటోంది.

ఎనిమిది బార్ల నుంచి పూర్తి ముక్కకు

ఎనిమిది బార్లంటే 24 సెకన్లు. దాన్ని 32 బార్లు చేద్దాం, 96 సెకన్లు వస్తుంది. ప్రశ్న, జవాబు ఒకసారి. అవే చిన్న మార్పులతో ఇంకోసారి. తర్వాత ఎనిమిది బార్లు వేరే లోకం. చివరి ఎనిమిది బార్లలో తిరిగి ఇంటికి. పాత పద్ధతే, బాగా పనిచేస్తుంది కాబట్టే పాతబడింది.

రెండోసారి మార్పులంటే ఎక్కువ వద్దు. వాద్యం మార్చడం, ఒకచోట గమకం (స్వరాన్ని ఊపడం), ఒక ఎత్తుగడకు ఇంకో స్వరం. చిక్కంతా మూడో భాగంలో. కార్డులు అవే ఉండి లోకం మాత్రం మారాలి. కాబట్టి కార్డులు తప్ప మిగతావన్నీ మార్చండి. ఇందాకటిదాకా ఎత్తుగడ బార్‌కు ముందొచ్చింది, ఇప్పుడు బార్ మొదలయ్యాక రావాలి. ఇందాకటిదాకా పొడుగు స్వరాలు, ఇప్పుడు చిన్నచిన్నవి. మొదటి నాలుగు బార్లు బేస్ పూర్తిగా ఆపేసి చూడండి, నేల జారినట్టవుతుంది. బేస్ తిరిగొచ్చినప్పుడు అవే కార్డులు కొత్తగా వినిపిస్తాయి.

మొత్తం ముక్కలో అన్నిటికన్నా పై స్వరం ఒక్కసారే రావాలి. అది ఈ మూడో భాగంలోనే పెట్టండి. నేనైతే తార స్థాయి (పై స్థాయి) గ ను 22వ బార్‌లో పెడతాను, అక్కడున్నది ఎఫ్ కార్డ్. ఒక్క స్వరం పట్టుకుని పాడినప్పుడు తీపీ బాధా కలిసి వినిపించిన గ అదే. అంత ఎత్తున అది ఇంకా కోస్తుంది. అక్కడికి మెట్టుమెట్టుగా ఎక్కండి, దిగడం మాత్రం తొందరగా దిగండి. అదే గ ను ముందే రెండుసార్లు వాడేస్తే 22వ బార్‌లో ఏమీ జరగదు. కాబట్టి మిగతా చోట్ల తార గ ఎక్కడైనా ఉందేమో వెతికి తీసేయండి.

ఏ వాద్యమన్నది కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. వేణువుకు ఊపిరి కావాలి, రెండు మూడు బార్లకోసారి విరామం ఇవ్వకపోతే కంప్యూటర్‌లో శాంపిల్ (ముందే రికార్డ్ చేసిన వేణువు ధ్వని) వాయించినా వినేవాడికి ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. వయొలిన్ స్వరాన్ని ఎంతసేపైనా పట్టుకోగలదు, కానీ మామూలు శ్రుతిలో దాని అట్టడుగు తీగ మధ్య సి (పియానో నడిమి సి) కి కిందున్న జి, అంతకన్నా దిగలేదు. పియానో, గిటార్ మీద స్వరం మోగిన వెంటనే తగ్గడం మొదలవుతుంది. అందుకని మనం రెండు బీట్లు బిగబట్టిన స, గిటార్ మీద సగం చచ్చిపోతుంది. దాన్ని రెండో బీట్ మీద మళ్లీ మీటండి, లేదా ఆ ఒక్క బార్ వయొలిన్‌కు ఇవ్వండి.

ఇది నిజంగా మీదేనా?

కార్డుల వరస ఒకటే అయినంత మాత్రాన సంగీతం కాపీ అయిపోదు. ఫోలియా అని యూరప్‌లో పాత కార్డుల వరస ఒకటుంది. ఇటలీ స్వరకర్త కొరెల్లి దాని మీద కట్టిన వయొలిన్ వేరియేషన్స్ (ఒకే వరసను రకరకాలుగా మార్చి కట్టినవి) 1700లో అచ్చయ్యాయి. ఇటలీవాడే అయిన వివాల్డి అదే వరస మీద, అదే డి మైనర్‌లో కట్టినవి 1705లో అచ్చయ్యాయి. రెండూ ఇవాళ్టికీ వాయిస్తున్నారు. 1940లలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ వంటి జాజ్ వాద్యకారులు అప్పటికే అందరికీ తెలిసిన పాటల కార్డులు తీసుకుని వాటి మీద కొత్త ట్యూన్లు కట్టారు. మీరు చేస్తున్నదీ ఆ పనే.

జాగ్రత్త పడాల్సింది ట్యూన్ దగ్గర. కట్టిన మర్నాడు, వాద్యం ముట్టకముందు, కార్డులు లేకుండా ట్యూన్ ఒక్కటే కూనిరాగం తీయండి. మీకు తెలియకుండానే అది ఏదో పాత పాట పల్లవిలోకి మళ్లిపోతోందా? ఎక్కడ మళ్లిందో ఆ బార్ పట్టుకోండి. చాలాసార్లు స్వరాల కన్నా లయే దొరికిపోతుంది, కాబట్టి ముందు ఎత్తుగడ మార్చండి. అది చాలకపోతే ఆ కార్డ్ మీద వాలే స్వరం మార్చండి. సంగీతం బాగా వినే మనిషి ఒకరికి వినిపించి "ఇది ఎక్కడైనా విన్నావా?" అని మాత్రమే అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు.

ఈ కూనిరాగంతో ఇంకో పరీక్ష కూడా అయిపోతుంది. కార్డులు మోగకపోయినా, ట్యూన్ వింటుంటే కింద కార్డ్ ఎక్కడ మారిందో మీ చెవికి తెలియాలి. తెలిసిందంటే వాలే స్వరాలు సరిగ్గా పడ్డాయి. తెలియని చోట, ఎత్తుగడలో ఎక్కువ స్వరాలు ఇరికించి ఉంటారు. ఒకటి తీసేసి మళ్లీ పాడండి.

ఆపడం

ఈ నాలుగు కార్డులకు ఆగడం తెలియదు. జి రాగానే ఏ మైనర్ రమ్మంటుంది, చుట్టు మళ్లీ మొదలు. అందుకే ఇలాంటివి చాలాసార్లు ఫేడౌట్‌తో (ధ్వనిని మెల్లగా తగ్గించేస్తూ) ముగిస్తారు. నాకది ఇష్టం ఉండదు, వినేవాణ్ని గుమ్మంలోనే వదిలేసి వెళ్లిపోయినట్టుంటుంది. ఎనిమిదో చుట్టులో జి దాకా వెళ్లకండి, మూడో కార్డ్ సి దగ్గరే ఆగిపోండి, 31వ బార్. వరస మారలేదు, చివరి అడుగు వేయలేదంతే. ఇన్ని చుట్లలో సి కార్డ్ దారిలో తగిలే మజిలీగానే ఉంది, ఇప్పుడు మొదటిసారి అదే ఇల్లవుతుంది. బేస్‌లో గ తీసేసి స పెట్టండి, లేకపోతే కాలు ఆనదు.

ట్యూన్ ఏ స్వరం మీద ఆగాలి? స మీద అయితే తలుపు మూసినట్టు. గ మీద అయితే దగ్గరగా వేసి గడియ పెట్టనట్టు. ప మీద ఇంకాస్త తెరిచి ఉంటుంది. మూడూ వాయించి చూసుకోండి. నేనైతే గ మీదే ఆపుతాను. మొదటి బార్‌లో ట్యూన్ వాలింది ఆ స్వరం మీదే, 22వ బార్‌లో పైకెళ్లి కోసిందీ అదే. టెంపోను చివరి రెండు బార్లలో కొద్దిగా, వినేవాడికి తెలియనంతగా, తగ్గించండి. స్వరం పడ్డాక చేయి తీయకండి. ధ్వని సన్నబడి సన్నబడి గదిలో నిశ్శబ్దం తప్ప ఏమీ మిగలనంతవరకు రికార్డింగ్ నడవనివ్వండి, ఆ తర్వాతే ఆపండి.